వాడల వారీగా వేసిన కుర్చీలు

2011 అక్టోబరు 1, శనివారం. సాయంత్రం రేపటి ప్రభు బల్లకు ఆయత్త కూడిక, ఆ తర్వాత పాదశుద్ధి. హాజరైనవారు: పాస్టరుగారు, ఆయన భార్య అమ్మగారు, నేను, నా భార్య, నానక్‌రామ్‌గూడ లెక్చరరుగారు, ఆయన భార్య, కొండాపూర్ అపార్టుమెంట్ల కుటుంబాలు దాదాపు అన్నీ, నానక్‌రామ్‌గూడ నుంచి కొందరు, నల్లగండ్ల నుంచి ఒక జంట. కరెంటు లేదు. బస్సులు లేవు. కూడిక క్రమంగా ముగిసింది.

ఆనాటి నా డైరీలో ఉన్నది ఇంతే. నేను ఒక ప్రభుత్వ కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తయారైన వస్తువును కొలిచి చూసి, సరిగా ఉంటే ముద్ర వేయడం, లేకపోతే పక్కన పెట్టించడం నా ఉద్యోగం. డైరీ కూడా అదే అలవాటుతో రాస్తూ వచ్చాను. "క్రమంగా ముగిసింది" అనే మాట నా ముద్ర లాంటిది. ఆ శనివారం ఆ ముద్ర వేస్తున్నప్పుడే నాకు సిగ్గు వేసింది. అయినా వేశాను.

మా సంఘానికి అప్పట్లో సొంత మందిరం లేదు. గచ్చిబౌలి దాటాక శానిటరీ సామాన్ల దుకాణం ఒకటి ఉండేది. దాని మేడ మీద హాలు మాది, కిరాయికి. మెట్లకు రెండు వైపులా వాష్‌బేసిన్లు, కమోడ్లు అట్టపెట్టెల్లో నిలబెట్టి ఉండేవి. "కింద బేసిన్లు అమ్ముతరు, మీద పాపాలు కడుగుతరు, మంచి జాగనే దొరికింది మనకు" అనేవాడు లెక్చరరు. హాలుకు ఒక పక్క కిటికీల్లోంచి అద్దాల మేడలు కనిపించేవి, రెండో పక్క నానక్‌రామ్‌గూడ పాత ఇళ్లు.

ఈ లెక్చరరు ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చరిత్ర చెప్పేవాడు. పుట్టింది, పెరిగింది నానక్‌రామ్‌గూడలోనే. నేను కొండాపూర్ అపార్టుమెంట్లలో చాలామందిలాగే కోస్తా నుంచి, గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాణ్ణి. ఆయన వయసులో నాకంటే చాలా చిన్నవాడు, కానీ సంఘంలో ఇద్దరం పెద్దలమే. ప్రభు బల్ల దగ్గర ఆయన రొట్టె పళ్లెం పట్టుకునేవాడు, నేను ద్రాక్షరసం గ్లాసుల ట్రే పట్టుకునేవాణ్ణి. నేను ఆయన్ని "మాస్టారూ" అని, మీరని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "అన్నా" అని, నువ్వని పిలిచేవాడు. మొదట్లో నాకు అది కొంచెం కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఎవరైనా నన్ను 'సార్' అంటే పరాయిగా అనిపించేంతగా అలవాటైంది.

యువకులకు ఆదివారం సాయంత్రాలు నేను ఒక తరగతి నడిపేవాణ్ణి. పరిశుద్ధ జీవితం అన్నది విషయం. సినిమాలు, తాగుడు, పేకాట, అబద్ధం, ఆరాధనకు ఆలస్యంగా రావడం, ఇలా వేటికి దూరంగా ఉండాలో వారానికొకటి చెప్పేవాణ్ణి. వాటన్నిటికీ నేను దూరంగానే ఉన్నాను, అందులో అబద్ధం లేదు. లెక్చరరు అప్పుడప్పుడు వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. ఒకసారి తరగతి అయ్యాక మెట్లు దిగుతూ నన్ను ఆపాడు.

"అన్నా, పిల్లలకు ఏం చెప్తున్నవ్? లోకం నుంచి ప్రత్యేకంగ ఉండుమంటవ్. మేం ప్రత్యేకం అంటే మాత్రం నీ మొఖం మాడుతది."

"ఆ ప్రత్యేకం వేరండీ మాస్టారూ, ఈ ప్రత్యేకం వేరు."

"వేరేమున్నది? రెండిట్లకు దిగితే జీతం కట్ అయ్యేటట్టే ఉన్నది."

ఇద్దరం నవ్వుకున్నాం. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలుకాక ముందు మాట ఇది. అప్పటికి ఇంకా నవ్వుకోగలిగేవాళ్లం.

సమ్మె మొదలయ్యాక లెక్చరర్లు కూడా అందులో చేరారు. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు రాక కరెంటు గంటల తరబడి పోయేది. మోటారు తిరగక అపార్టుమెంట్లలో నీళ్లకు ఇబ్బంది. లెక్చరరు జీతం ఆగిపోయింది. ఆయన ధర్నాల్లో కూర్చునేవాడు, రోడ్డు మీద వంటా వార్పులో గంటె తిప్పేవాడు. అదే రోజుల్లో మా కొండాపూర్ సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకరు ఆఫీసుకు వెళ్తుంటే కంపెనీ క్యాబు అద్దం రాయి తగిలి పగిలింది. అతనికి దెబ్బ తగల్లేదు గానీ, ఆ అద్దం ముక్కలు కొన్ని పర్సులో దాచుకుని వచ్చి అందరికీ చూపించాడు. ఆరాధన అయ్యాక టీ తాగేటప్పుడు కొండాపూర్ వాళ్లు ఒక కిటికీ దగ్గర, నానక్‌రామ్‌గూడ వాళ్లు ఇంకో కిటికీ దగ్గర నిలబడడం మొదలైంది. ఎవరూ ఎవరినీ ఒక మాట అనలేదు. ఆ మాట అన్నది నేనే.

పాదశుద్ధికి ముందు ఆదివారం సంఘ ప్రార్థన వంతు నాది. కళ్లు మూసుకుని, రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవారి కోసం ప్రార్థించాక ఇలా అన్నాను: "ప్రభువా, ఈ రాష్ట్రంలో అలజడి రేపుతున్నవారికి మంచి బుద్ధి దయచేయి. కష్టపడి పని చేసుకునేవారి దారికి అడ్డం పడేవారిని అణచివేయి." కొండాపూర్ వరసల నుంచి "ఆమెన్" అని పెద్దగా వినిపించింది. అద్దం ముక్కల అబ్బాయి గొంతు అందులో స్పష్టంగా తెలిసింది. కళ్లు తెరిచాను. ముందు వరసలో లెక్చరరు కళ్లు తెరుచుకునే ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు.

ముఖాముఖి అనే ధైర్యం లేని మాటను మా వాళ్లు ప్రార్థనలో పెడతారు. ఎదుటివాడు జవాబు చెప్పలేడు. నడుమ అడ్డుపడితే దేవునితో మాట్లాడుతున్నవాణ్ణి ఆపినట్టవుతుంది. కుటుంబ ప్రార్థనల్లో అత్తలు కోడళ్ల మీద, భర్తలు భార్యల మీద ఇలా ప్రార్థించడం నేను విన్నాను. నా తరగతిలో దాని గురించి హెచ్చరించాను కూడా.

ఆరాధన అయ్యాక లెక్చరరు మెట్ల దగ్గర నాకోసం ఆగాడు.

"ప్రార్థన బాగ చేసిన్రు సార్" అన్నాడు. అంతే. దిగి వెళ్లిపోయాడు.

ఆ 'సార్' వారమంతా నాతోనే ఉంది.

ఇక పాదశుద్ధి సంగతి చెప్పాలి. మా సంఘంలో మూడు నెలలకొకసారి, ప్రభురాత్రి భోజనానికి, అంటే ప్రభు బల్ల ఆరాధనకు, ముందు రోజు సాయంత్రం ఒకరి కాళ్లు ఒకరు కడుగుతాం. మగవాళ్లు హాలులో, ఆడవాళ్లు తెర అవతల. ఎవరు ఎవరి కాళ్లు కడగాలో ఎవరూ నిర్ణయించరు. బేసిన్ పట్టుకుని ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు. అయితే మొదటి నుంచీ ఒక మాట నడుస్తోంది: ఎవరితో మనసు చెడిందో వారి దగ్గరికే వెళ్లాలి. అందుకని ఆ సాయంత్రం బేసిన్ పట్టుకుని నడిచే మనిషిని అందరూ ఓరకంట గమనిస్తారు. ఎవరికి ఎవరితో పొసగడం లేదో అక్కడ బయటపడిపోతుంది. కాళ్లు కడిగి, తుడిచి, ఆలింగనం చేసుకుని వందనాలు చెప్పుకుంటే మర్నాడు ఇద్దరూ బల్ల దగ్గరికి రావచ్చు. అలా కానివారు రారు. ఎవరూ రావద్దని అనరు, వారే ఆగిపోతారు. ఎవరైనా జత లేకుండా మిగిలిపోతే వారి దగ్గరికి సంఘ పెద్దల్లో వయసులో పెద్దవాడు వెళ్లాలి. ఆ పెద్దవాణ్ణి నేనే.

నేను లెక్చరరు దగ్గరికి వెళ్లాలి. ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నానికే నాకు తెలుసు. హాలు మధ్యలోంచి బేసిన్ పట్టుకుని నడిచి వెళ్లి, అద్దం ముక్కల అబ్బాయి చూస్తుండగా, "ఆమెన్" అన్నవాళ్లందరూ చూస్తుండగా ఆయన ముందు మోకరించాలి. ఆ నడక నాకు కళ్ల ముందు కనబడింది. బుధవారం నాడు పాస్టరుగారి ఇంటికి వెళ్లి ఒక ఏర్పాటు చెప్పాను.

"ఈసారి వాడల వారీగా కూర్చోబెడదామండీ. కొండాపూర్ వారు ఒక పక్క, నానక్‌రామ్‌గూడ వారు ఒక పక్క. పక్కపక్కన కూర్చున్నవారే జత. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. త్వరగా అయిపోతుంది, ఒక వాడ వారు కలిసి నడిచి ఇళ్లకు పోవచ్చు."

పాస్టరుగారు, "అలా చేస్తే ఇంక పాదశుద్ధి ఎందుకండీ పెద్దగారూ?" అన్నారు. తర్వాత, "ఇన్నేళ్లుగా మీరే చూస్తున్నారు. మీకు మంచిదనిపిస్తే చేయండి" అన్నారు.

నాకు మంచిదనిపించింది. శనివారం పెందలాడే వెళ్లి కుర్చీలు నేనే వేశాను. నడుమ దారి విడిచి, అటు కొన్ని, ఇటు కొన్ని. బకెట్లు నింపించి, తువ్వాళ్లు మడతపెట్టి, బేసిన్లు సమానంగా పంచాను. ఇంటి దగ్గర కాళ్లు సబ్బుతో రుద్దుకుని, గోళ్లు తీసుకుని, ఉతికిన సాక్సులు వేసుకుని వచ్చాను. ఇది అందరం చేసే పనే. కడిగించుకోవడానికి మురికి కాళ్లతో రావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

లెక్చరరు మురికి కాళ్లతోనే వచ్చాడు. ధర్నా నుంచి నేరుగా ఎండలో నడిచి వచ్చాడట. చెప్పుల పట్టీలు ఉన్న చోట తప్ప పాదాలు చీలమండల దాకా దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి కుర్చీలు చూశాడు.

"ఇదేంది సార్? వాడల వారీగనా? రేషన్ దుకాణం లెక్క ఉన్నది."

"బస్సులు లేవు కదండీ మాస్టారూ. త్వరగా అయిపోతుందని."

"అవును. గిట్లయితే తొందరగనే అయితది" అని, తన వాడ వైపు వెళ్లి చివరి కుర్చీలో కూర్చున్నాడు.

పాస్టరుగారి వాక్యం చిన్నది. పరిశుద్ధంగా బ్రతకమని దేవుడు పిలిచిన పిలుపు గురించి. "మన ఇళ్లల్లో ఒక గిన్నెను వేరుగా పెడతాం. పాల కోసమో, పసిపిల్లల కోసమో. అటక మీద దాచడానికి కాదు కదా, రోజూ వాడడానికే. దేవుడు మనల్ని వేరుగా పెట్టినా అందుకే" అన్నారు. నా వైపు చూడలేదు. కరెంటు పోయింది. ఛార్జింగు లైటు ఒకటి ఆడవాళ్ల వైపు ఇచ్చి, ఒకటి మా మధ్య పెట్టాం.

అద్దం ముక్కల అబ్బాయి నా కాళ్లు కడిగాడు.

"అంకుల్, మీ కాళ్లు ఆల్రెడీ క్లీన్‌గా ఉన్నాయి. నాకు పనే లేదు" అని నవ్వాడు. తుడుస్తూ గొంతు తగ్గించి, "ఈ అరేంజ్‌మెంట్ మంచిదైంది అంకుల్. లేకపోతే ఆయన దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది నేను" అన్నాడు.

ఆ అబ్బాయి కూడా వెళ్లాలనుకున్నాడన్నమాట. లేక వెళ్లక తప్పదని భయపడ్డాడు. ఏదైనా గానీ, అతనికి ఆ అవసరం లేకుండా చేసింది నేను. నేను అతని కాళ్లు కడిగి తుడిచాను.

తలెత్తి చూస్తే అవతల వరసల్లో జతలన్నీ అయిపోయాయి. నానక్‌రామ్‌గూడ నుంచి రావలసిన ఒకాయన రాలేదు. లెక్చరరు మిగిలిపోయాడు. చెప్పులు విడిచి, ప్యాంటు కొంచెం పైకి మడిచి, దుమ్ము పాదాలు నేల మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎవరినీ పిలవలేదు. ఎటూ చూడలేదు. పాస్టరుగారు ఒక ముసలాయన ముందు మోకాళ్ల మీద వంగి ఉన్నారు, ఆయనకు ఇది కనబడలేదు.

నా పక్కన బేసిన్ ఉంది, బకెట్లో నీళ్లున్నాయి. మిగిలినవారి దగ్గరికి వెళ్లడం నా బాధ్యత. నేను లేచాను. లేచి, తడి తువ్వాళ్లు ఏరి మడతపెట్టడం మొదలుపెట్టాను. పాస్టరుగారు ముగించి చూస్తారు, ఆయన వెళ్తారు అనుకున్నాను. ఆయన ఇంకా ఆ ముసలాయన కాళ్లు తుడుస్తూనే ఉన్నారు. అప్పుడు నేను ముగింపు పాట ఎత్తుకున్నాను. పాట ఎత్తుకోవడం కూడా నా పనే. నేను ఎత్తుకుంటే కూడిక అయిపోయినట్టు లెక్క.

అందరూ లేచి అందుకున్నారు. లెక్చరరు ప్యాంటు మడతలు విప్పుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని లేచాడు. ఆయన కూడా పాడాడు. కిందనుంచి ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్న చప్పట్లు కిటికీలోంచి వచ్చి మా పాటలో కలిశాయి. మా పాట కన్నా అవే గట్టిగా వినిపించాయి.

ఇంటికి నడుస్తుండగా నా భార్య అడిగింది.

"మాస్టారి కాళ్లు ఎవరు కడిగారండీ?"

"ఆయన వాడలో ఒకరు తక్కువయ్యారు."

"అందుకే అడుగుతున్నాను. ఎవరు కడిగారు?"

"ఏర్పాటు అలా లేదు."

"ఏర్పాటు చేసిందెవరండీ?" కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది, "తెర అవతల మీ వాడలు చెల్లలేదులెండి. అమ్మగారు రాగానే కుర్చీలన్నీ కలిపేశాం. నేను ఆయన భార్య దగ్గరికే వెళ్లాను. ఆవిడ ఏమందో తెలుసా? 'నువ్వు వచ్చినవ్ అక్కా, మరి అవతల?' అంది. అవతల సంగతి మా ఆయన చూసుకుంటారు అన్నాను."

 ఇంటికి వెళ్లి డైరీ రాశాను.

తెల్లవారి ఆదివారం. ఆరాధనకు ముందే నానక్‌రామ్‌గూడకు నడిచి వెళ్లాను. లెక్చరరు భార్య గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. నన్ను చూసి లేవకుండానే లోపలికి కేకేసింది.

"అయ్యో, పెద్దసార్ వచ్చిండు. కుర్చీ ఏ దిక్కుకు వెయ్యాల్నో ఆయన్నే అడుగు."

లెక్చరరు దొడ్డివైపు నుంచి వచ్చాడు. కాళ్లు తడిగా ఉన్నాయి, నడిచిన చోటల్లా గచ్చు మీద గుర్తులు పడ్డాయి. నేను వచ్చిన పని నా ముఖంలో కనబడి ఉంటుంది.

"ఇప్పుడే కడుక్కున్న సార్. జర లేటయింది మీకు."

"మాస్టారూ, నిన్న నేను మీ దగ్గరికి రావలసింది. రాలేదు. కుర్చీలు అలా వేసింది కూడా అందుకే."

"ఎరికనే సార్. కరెంటు లేకున్నా కనబడ్డది." తుండుతో కాళ్లు తుడుచుకున్నాడు. "కాళ్లదేమున్నది, నల్లా కాడ గూడ కడుక్కోవచ్చు. మీ ప్రార్థన వాపసు తీసుకోరి."

"దేవునికి చేసిన ప్రార్థన వాపసు ఎలా తీసుకుంటానండీ?"

"గది మీరు దేవునికి చెయ్యలే సార్. మాకు చెప్పిన్రు. ఇంక మా దగ్గరనే ఉన్నది." తుండు భుజాన వేసుకుని, "నేను వస్త, కూర్చుంట. బల్ల కాడికైతే రాను. నన్ను అణచివెయ్యుమన్నోని పక్కన నిలబడి రొట్టె ఎట్ల పట్టుకోవాలె?" అన్నాడు.

ఆయన భార్య చాయ్ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఆరాధనలో లెక్చరరు చివరి వరసలో కూర్చున్నాడు. బల్ల మీద రొట్టె పళ్లెం ఆయన చోట అలాగే ఉంది. పాస్టరుగారు దాన్నీ, నన్నూ చూశారు. సంఘ ప్రార్థన నాది కాదు ఆ వారం. ముందుగా ఒక మాట చెబుతానని లేచాను. ఏం చెప్పాలో దారి పొడుగునా సరిచూసుకుంటూ వచ్చాను. నిలబడ్డాక అందులో సగం కూడా నోటికి రాలేదు.

"పోయిన ఆదివారం నేను చేసింది ప్రార్థన కాదు" అన్నాను. "దేవుని పేరు పెట్టి మన సహోదరుల్ని తిట్టాను. మాస్టారిని తిట్టాను. నిన్న ఆయన దగ్గరికి వెళ్లాల్సి వస్తుందని కుర్చీలు విడదీశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఏ వైపు నుంచి వస్తుందా అని ఆ క్షణంలో కూడా నేను చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఆ సంగతి నాకు తెలిసి ఇంకా సిగ్గుపడ్డాను. అద్దం ముక్కల అబ్బాయి నేను మోసం చేసినట్టు నా వైపు చూసి తల దించుకున్నాడు. పాస్టరుగారు పాట ఎత్తుకోలేదు. నాకూ ఎత్తుకునే ధైర్యం లేకపోయింది. అలాగే నిలబడ్డాను.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. లెక్చరరు నడుమ దారిలోంచి నడిచి వచ్చాడు. అందరూ చూశారు. బల్ల దగ్గరికి వచ్చి, పళ్లెం మీది గుడ్డ తీసి, తన చోట నిలబడ్డాడు. నేను ట్రే ఎత్తాను. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

ఆయన నా వైపు తిరగకుండానే, నాకొక్కడికే వినబడేలా అన్నాడు. "గట్టిగ పట్టుకో అన్నా. ఒలుకుతున్నది."

వరసల వెంట ఇద్దరం కలిసి వెళ్లాం, ఈ పక్క, ఆ పక్క. అద్దం ముక్కల అబ్బాయి రొట్టె తీసుకున్నాడు, తల ఎత్తలేదు. ఆరాధన అయ్యాక లెక్చరరు టీకి ఆగలేదు. ధర్నా ఉందని భార్యతో కలిసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ట్రేలో ఒలికిన రసం ఎండి అంటుకుపోయింది. గ్లాసులు తీసి, దాన్ని నేనే కడిగాను.